గాయకుడికి పాటల పోటీయా, బిగ్‌బాస్ ఇల్లా?

గాయకుడు రేవంత్ రెండూ గెలిచారు: 2017లో ఇండియన్ ఐడల్ 9, 2022లో బిగ్‌బాస్ తెలుగు 6. కానీ రెండూ అడిగేది ఒకటి కాదు.

పాటల పోటీలో శ్రుతి, తాళం, ఊపిరి పట్టు జడ్జీల ముందే తేలిపోతాయి. చాలామంది దెబ్బతినేది శ్రుతి ఎంపికలో. రిహార్సల్లో అందిన పైస్థాయి, రోజంతా షూటింగ్‌తో అలసిన గొంతుకు అందదు. ముందే అర స్వరం దించి సాధన చేయడం మేలు. పాట మంచిదైతే ఆ క్లిప్పే తర్వాత సంగీత దర్శకులకు వినిపించే నమూనా.

బిగ్‌బాస్‌లో దాదాపు వంద రోజులు ఫోన్ ఉండదు, కచేరీలు, రికార్డింగులు ఆగిపోతాయి. నామినేట్ అయినవారిని ఇంటి నుంచి బయటికి పోకుండా కాపాడేది ప్రేక్షకుల ఓటే, గొంతు కాదు. అందుకే కొత్త గొంతుకు పాటల పోటీయే ముందు. రాహుల్ సిప్లిగంజ్ కూడా సినిమా పాటలు పాడాకే 2019లో బిగ్‌బాస్ 3 గెలిచారు. 2023లో ఆయన్ని ఆస్కార్ వేదిక ఎక్కించింది ‘నాటు నాటు’.