గీతలు కనిపించేంత దగ్గరగా: లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి

పాత ఇత్తడి సర్వే పరికరాలను సేకరించే నాకు మ్యూజియం గొప్పతనం ఒకే ఒక్క విషయంలో తేలుతుంది: అద్దానికీ వస్తువుకూ మధ్య ఎంత ఎడం ఉంది? కోణాలు కొలిచే సర్వే పరికరమైన థియోడొలైట్ విలువంతా దాని వృత్తం మీద చెక్కిన సన్నని గీతల్లోనే ఉంటుంది. అవి మూరెడు దూరం నుంచి కనిపించవు. ఐదు రోజుల ఇంగ్లండు ప్రయాణంలో మూడు ఊళ్లనూ ఈ లెక్కతోనే బేరీజు వేసుకున్నాను.

లండన్ సైన్స్ మ్యూజియంలో ప్రవేశం ఉచితమే గాని, సెలవు రోజున వెళ్లడం నా పొరపాటు. పిల్లల సందడిలో ఏ అద్దం ముందూ నిలకడగా నిలబడలేకపోయాను. పరికరాల తయారీదారు జెస్సీ రామ్స్‌డెన్ 1791లో అందించిన మూడడుగుల వృత్తం గల థియోడొలైట్ ఈ మ్యూజియం సేకరణలోనిదే. దానికి అన్నలాంటిది, 1787లో సర్వేయరు విలియం రాయ్ గ్రీనిచ్‌నూ పారిస్‌నూ కొలతల త్రిభుజాల వరుసతో కలపడానికి వాడినది, 1941లో సౌతాంప్టన్ మీద జరిగిన బాంబు దాడిలో నాశనమైంది. అంతకుముందు నిపుణులు చేత్తో విభజించే డిగ్రీలను రామ్స్‌డెన్ యంత్రంతో విభజించాడు. చిన్న పరికరాలు కూడా నమ్మదగ్గవిగా మారడానికి అదే ముఖ్య కారణం.

నా మార్కులు ఆక్స్‌ఫర్డ్‌కే. బ్రాడ్ స్ట్రీట్‌లో 1683 నాటి భవనంలో ఉన్న హిస్టరీ ఆఫ్ సైన్స్ మ్యూజియంలో ఎక్కువమంది 1931లో ఐన్‌స్టీన్ రాసిన నల్లబల్ల దగ్గరే గుమిగూడతారు కాబట్టి ఇత్తడి అరల ముందు మనల్ని తొందరపెట్టేవారు ఉండరు. హంఫ్రీ కోల్ 1586లో చేసిన థియోడొలైట్ గురించి చదివినప్పటినుంచీ నాకు ఈ మ్యూజియం మీద మనసు. బస మాత్రం అంత సుఖంగా లేదు: సెలవుల్లో అద్దెకిచ్చే కళాశాల గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉన్నా లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, బరువైన పెట్టెతో వచ్చేవారు ముందే కింది అంతస్తు అడగడం మంచిది.

రాబర్ట్ విప్‌ల్ తన సేకరణను విశ్వవిద్యాలయానికి ఇవ్వడంతో 1944లో మొదలైన కేంబ్రిడ్జి మ్యూజియం చిన్నదైనా తీరిగ్గా చూడనిస్తుంది. మేం వెళ్లిన వారంలో అది మధ్యాహ్నాలే తెరిచారు. వేళ కనుక్కోకుండా పొద్దున్నే వెళ్లి వీధిలో కాచుక్కూర్చున్నాను.

తిరుగు ప్రయాణానికి ముందు లండన్‌లో ఒక పాత వస్తువుల వ్యాపారి దగ్గర చింతపండుతో తోమిన బిందెలా ధగధగలాడే థియోడొలైట్ చూశాను. అసలు తయారీదారులు ఇత్తడి నల్లబడకుండా సన్నని లాకర్ పూత వేసేవారు. దాన్ని గీకి మెరుగుపెడితే పూత పోవడమే గాక వెండి పట్టీ మీది గీతల అంచులూ మొద్దుబారతాయి. భూతద్దంతో చూస్తే అంకెల్లో పాలిషు తెల్లగా పేరుకుని ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, పక్క అరలో ముదురు గోధుమ రంగుకు తిరిగిన ఒక ప్రిజ్మాటిక్ కంపాస్ (ప్రిజం గుండా చూసి దిశ చదివే దిక్సూచి) కొన్నాను. 1812లో ష్మాల్‌కాల్డర్ పేటెంటు పొందిన నమూనా వంటిది. బొటనవేలు ఆనే చోట తప్ప పూత ఎక్కడా చెదరలేదు.

విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద అది నల్లటి ముద్దలా కనిపించి తనిఖీకి ఆపారు. అధికారిణి మూత తెరిచి, ప్రిజంలో కన్నుపెట్టి, ఉత్తరం ఎటని అడిగింది. ఇనుప బల్ల మీద పెట్టిన ఆ డయలు మాత్రం దాని కాలి వైపే మొగ్గి ఊగుతోంది.