కారు షెడ్డులో పదకొండు సొరుగులు: నేను కొన్న ప్లై, వేయించిన ఛానెళ్ళు

షిప్‌యార్డులో ఫిట్టరుగా ముప్పై రెండేళ్ళు చేశాను. రిటైరయ్యాక విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి కారు షెడ్డునే వర్క్‌షాపు చేసుకున్నాను. గోడ పొడుగునా ఆరడుగుల బల్ల, దాని కింద మూడు కేబినెట్లు, వాటిలో పదకొండు సొరుగులు. చేయించి రెండు వానాకాలాలు దాటాయి. ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో ఇప్పుడు చెప్పగలను.

అంతకుముందు అక్కడ పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పలక) అల్మరా ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షట్టరు కింద నుంచి జానెడు నీళ్ళు లోపలికొచ్చాయి. మర్నాటికి నీళ్ళు పోయాయి గానీ అడుగు పలకలు నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి. సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే ఇనప పట్టాలు, అదే ఛానెళ్ళు, వాటి స్క్రూలు వేళ్ళతో లాగితేనే ఊడొచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు నా స్పానర్లన్నీ నూనె డబ్బాల్లోనే బతికాయి. అందుకే ఈసారి ప్లైవుడ్ దగ్గర తొందరపడకూడదనుకున్నాను.

షాపులో ఊరికే ప్లై అంటే చేతికిచ్చేది 'కమర్షియల్', అంటే కాస్త తేమని మాత్రమే తట్టుకునే ఎం.ఆర్. రకం. దాని పొరల్ని సాధారణంగా యూరియా జిగురుతో అతికిస్తారు. హాల్లో టీవీ బల్లకి చాలు, షెడ్డుకి పనికిరాదు. దాని పైది బి.డబ్ల్యు.ఆర్., అంటే మరిగే నీళ్ళని తట్టుకునేది. ఇవి రెండూ ఐ.ఎస్. 303 అనే భారతీయ ప్రమాణం కిందకే వస్తాయి. నీళ్ళకి ఇంకా గట్టిగా నిలిచే మెరైన్ అంటే ఐ.ఎస్. 710. ఈ రెండు పై రకాలకీ ఫినాల్ జిగురు వాడతారు. మరిగే నీళ్ళలో బి.డబ్ల్యు.ఆర్. ఎనిమిది గంటలు, మెరైన్ డెబ్బై రెండు గంటలు విడిపోకుండా నిలవాలి. షీటు మీద ఐ.ఎస్.ఐ. గుర్తుతోపాటు సి.ఎం./ఎల్. అని లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని ఆ గుర్తు ఇచ్చే సంస్థ బి.ఐ.ఎస్. వాళ్ళ 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో వస్తుంది. షాపులో నిలబడే చూసుకోండి, రెండు నిమిషాల పని.

నేను మందం కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకుని నాలుగు షాపులు తిరిగాను. ఒకచోట 18 మిల్లీమీటర్లని చెప్పిన షీటు 16.3 చూపించింది. 'కంపెనీ నుంచి అలాగే వస్తుంది సార్' అన్నాడు కుర్రాడు. ఆ షీటు వద్దనుకున్నాను. పలక పలచబడితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, కేబినెట్ లోపలి కొలత మారిపోయి సొరుగుల లెక్కంతా తప్పుతుంది.

ప్రతి షాపులోనూ అరచేతిలో పట్టేంత ముక్క అడిగి తెచ్చుకున్నాను. పెరట్లో కట్టెల పొయ్యి మీద పాత గిన్నెలో నాలుగు ముక్కలూ వేసి, మీద రాయి పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మరిగించాను. కమర్షియల్ ముక్క గంటన్నరలోనే తడిసిన పుస్తకంలా పేజీలు పేజీలుగా విచ్చుకుంది. నన్ను బాధపెట్టింది మాత్రం మెరైన్ అని చెప్పి ఇచ్చిన ఇంకో ముక్క. మూడో గంటకి దాని మూల లేచింది. స్క్రూడ్రైవర్ మొన దూర్చి తిప్పగానే పై పొర మొత్తం ఒలిచినట్టు వచ్చేసింది. లోపల రెండు పొరల మధ్య వేలు గోరు పట్టేంత సందు. ఆ షాపులో కొని ఉంటే నలభై వేల పని నీళ్ళపాలయ్యేది. మిగతా రెండూ, ఒక బి.డబ్ల్యు.ఆర్., ఒక 710, ఎనిమిది గంటల తర్వాత కూడా అంచుల దగ్గర గట్టిగానే ఉన్నాయి. నీళ్ళు మాత్రం డికాషన్ రంగుకి తిరిగాయి.

చివరికి 18 మి.మీ.లో సెంచురీ వాళ్ళ సైనిక్ 710 నాలుగు షీట్లు తీసుకున్నాను. చదరపు అడుగుకి నూటపది దాకా పడింది. సొరుగుల డబ్బాలకి 12 మి.మీ., అడుగులకి 9 మి.మీ. బి.డబ్ల్యు.ఆర్. రెండేసి షీట్లు. మా మేస్త్రీ ఒప్పుకోలేదు. 'గురువుగారూ, ఇనప సామాను పెట్టుకోడానికి మెరైన్ ఎందుకండీ, డబ్బులు దండగ' అన్నాడు. సముద్రానికి ఇంత దగ్గర, పైగా నేలమట్టాన షెడ్డు. నేలని తాకే పీఠం, గోడకి ఆనే పలకలు 710 కావలసిందే అన్నాను. మీది కరీంనగరో కర్నూలో అయి, షెడ్డులోకి నీరు రాదనుకుంటే మంచి బి.డబ్ల్యు.ఆర్. చాలు, ఆ మిగులు ఛానెళ్ళ మీద పెట్టండి.

లోతు విషయంలో ఒక మాట. షీటు వెడల్పు నాలుగడుగులు, అంటే 1220 మి.మీ. కేబినెట్ లోతు 600 పెట్టుకుంటే రంపం గాటు పోను సరిగ్గా రెండు పట్టీలు వస్తాయి. 620 అన్నారో, ప్రతి షీటులోనూ సగం ముక్కలపాలే.

ఇక ఛానెళ్ళు. వర్క్‌షాపు కేబినెట్‌కి ప్రాణం ఇక్కడే ఉంది. మొదట్లో నేను చేసిన తప్పూ ఇక్కడే. ప్లైకి ఎక్కువైందని పేరూ ఊరూ లేని టెలిస్కోపిక్ ఛానెళ్ళు (ఒకదాంట్లోంచి ఒకటి సాగేవి) తెచ్చాను, జత రెండు వందల ఇరవై. నాలుగు నెలలకి స్పానర్ల సొరుగు సగం దాకా వచ్చి ఆగిపోయింది. బలంగా లాగితే బాల్స్‌ని పట్టి ఉంచే రేకు మెలితిరిగి, గోళీలు నేలమీద దొర్లాయి. అప్పుడు కాటా తెచ్చి ఒక్కో సొరుగులో సామాను తూచాను. స్పానర్లు, సాకెట్లు కలిపి 27 కిలోలు. డ్రిల్లింగ్ మిషన్లు 14. అన్నిటికన్నా కింది సొరుగులో బెంచి వైసు, సుత్తులు, పుల్లర్లు కలిపి 52. సొరుగు సొంత బరువు ఇంకో ఆరు కిలోలు దీనికి కలపాలి. ఇది మొదటే చేయాల్సిన పని.

ఛానెల్ మీద 45 కిలోలని ఉంటే అది జతకి, ఒక్కో పక్కకి కాదు. అదీ బరువు సమానంగా పరిచినప్పటి మాట. నేను ఎనిమిది సొరుగులకి ఎబ్కో కంపెనీ 45 కిలోలవి, 20 అంగుళాలవి వేయించాను, జత నాలుగు వందల ఎనభై. ఇన్నాళ్ళకీ పూర్తిగా బయటికి లాగినా ముందు భాగం వంగడం లేదు. ఒక్కో కేబినెట్లో అడుగున ఉన్న సొరుగుకి, మొత్తం మూడింటికి, 76 మి.మీ. ఎత్తు ఉండే హెవీ డ్యూటీ రకం. జత మూడు వేలు దాటింది, మనసు గుంజింది. కానీ వైసు ఉన్న సొరుగు మా ఆవిడ ఒక చేత్తో లాగి చూసి 'ఏమండీ, ఇందులో నిజంగా సామానుందా' అని అడిగింది.

మామూలు ఛానెల్ మందం అర అంగుళం, కాబట్టి సొరుగు బయటి వెడల్పు కేబినెట్ లోపలి వెడల్పుకన్నా అంగుళం తక్కువ ఉండాలి. హెవీ డ్యూటీకి పక్కకి 19 మి.మీ. చొప్పున 38 తగ్గించాలి. మేస్త్రీ అన్నిటికీ అంగుళమే లెక్కేసి కోయబోతుంటే ఆపాను. సొరుగు మిల్లీమీటరు సన్నబడితే ఛానెల్ వెనక సన్‌మైకా ముక్క పెట్టి సరిచేయొచ్చు. లావైతే మాత్రం మళ్ళీ కోసుకోవాల్సిందే. స్క్రూలు కూడా చూసుకోండి. 12 మి.మీ. పలకకి 16 మి.మీ. స్క్రూ బిగిస్తే మొన లోపలికి పొడుచుకొస్తుంది. నా బొటనవేలు గీరుకుపోయాక అన్నీ తీయించి అర అంగుళానివి వేయించాను.

సాఫ్ట్ క్లోజ్ తీసుకోలేదు. వంటింట్లో బాగుంటుంది, మా కోడలు వేయించుకుంది, మెత్తగా మూసుకుంటుంది. రంపపు పొట్టు, ఇనుప రజను ఎగిరే చోట దాని స్ప్రింగు నమ్మబుద్ధి కాలేదు.

ఉప్పుగాలికి ఛానెళ్ళ జింకు పూత మీద తెల్లటి పొడి పడుతోంది. రెండు నెలలకోసారి మిషను ఆయిల్ అద్దిన గుడ్డతో పైపైన తుడుస్తున్నాను. గ్రీజు అదనంగా పూయను, దుమ్మంతా పట్టేస్తుంది. జోడింపులన్నిటికీ ఫెవికాల్ మెరైన్ వాడాం, ఇంతవరకు ఒక్క మూల కూడా విడలేదు.

లోపాలు రెండు కనబడ్డాయి. స్పానర్ల సొరుగు అడుగు, 9 మి.మీ. పలక, మధ్యలో నాలుగు మిల్లీమీటర్లు దిగింది, స్కేలు పెట్టి చూశాను. పాతిక కిలోలు దాటే సొరుగులకి 12 వేయాల్సింది. షట్టరు పక్కనున్న కేబినెట్‌కి ఎడ్జ్ బ్యాండు (పలక అంచుకి అతికే పట్టీ) కింది మూల లేచింది, వాన జల్లు నేరుగా కొట్టేది అక్కడే. మేస్త్రీకి కబురు పెట్టాను. ఆదివారం వస్తానన్నాడు, అడుగు పలక కూడా అప్పుడే మార్పిస్తాను. 12 మి.మీ. ముక్క ఒకటి కేబినెట్ వెనక దాచే ఉంచాను.