లెవెటిరాసిటామ్ 500: ఫిట్స్‌కి మంచి మందే, కోపం సంగతి మాత్రం ముందే తెలుసుకోండి

మా తమ్ముడికి ఇంటర్‌లో ఉన్నప్పట్నుంచి ఫిట్స్. మొదట్లో ఫెనిటోయిన్ వాడేవాడు, ఫిట్స్ తగ్గాయి గానీ చిగుళ్ళు వాచిపోయి పళ్ళ మీదకి పెరిగాయి, ఆ మందుతో కొందరికి అలా అవుతుందంట, బ్రష్ చేస్తే రక్తం, పాపం నలుగురిలో నవ్వడమే మానేశాడు. అప్పుడు న్యూరాలజిస్ట్ దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి లెవెటిరాసిటామ్ 500 పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాశారు.

ఫిట్స్ వరకు చూస్తే ఈ మందుకి వంక పెట్టలేం. వేరే మందులతో కూడా పెద్దగా పేచీ ఉండదు. ఎక్కువ భాగం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి డోసు తగ్గించి ఇస్తారు, ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఇక కోపం. కొత్తలో వాడికి చీటికీ మాటికీ చిరాకే, పప్పులో ఉప్పు తగ్గిందని కంచం తోసేసి కేకలేసి, కాసేపటికి వంటింట్లోకి వచ్చి "అక్కా, నాకేమవుతోందో నాకే తెలియట్లా" అని ఏడ్చాడు. అమ్మేమో పొగరెక్కింది వీడికి అంటుంది, పిన్ని దిష్టి తీయించమంటుంది. డాక్టర్‌ని అడిగితే ఈ మందుకి తెలిసిన సైడ్ ఎఫెక్టేనమ్మా అన్నారు, చిరాకు, దిగులు, కొద్దిమందికి చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా వస్తాయంట, అలా ఏమాత్రం అనిపించినా వెంటనే చెప్పమన్నారు. డోసు సర్దాక చాలా నెమ్మదించాడు. ఇది ముందే చెప్పుంటే ఇంట్లో అన్ని గొడవలు అయ్యేవి కాదు, వాడు అన్ని మాటలు పడేవాడూ కాదు.

కోపం వస్తోందని మీ అంతట మీరు మాత్రం ఆపేయొద్దు ప్లీజ్, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి రావచ్చు.

బిళ్ళ కాస్త పెద్దది, విరిస్తే చేదు, మింగలేని పిల్లలకి సిరప్ ఉంది. జనఔషధి కేంద్రాల్లో ఇదే మందు చాలా తక్కువకి దొరుకుతుంది, కంపెనీ మార్చేముందు మాత్రం డాక్టర్‌ని ఒకమాట అడగండి. పండగలకి ఊరెళ్ళేటప్పుడు ఒక స్ట్రిప్ ఎక్కువే పెట్టుకోండి, మా ఊళ్ళో మెడికల్ షాపులో అడిగితే తెప్పించాలి, రేపు రండి అన్నారు.