ఆరుబయట ఆయిల్ చిత్రాలకని అమ్మే ‘సంపూర్ణ కిట్టు’ కొనేముందు జాగ్రత్త

ఆరుబయట కూర్చుని ఆయిల్ రంగులతో ప్రకృతి దృశ్యాలు వేయాలనుకునేవారి కోసమని పెట్టె, ట్రైపాడ్, రంగులు, కుంచెలు, బోర్డులు అన్నీ కలిపి ఒకే కిట్టుగా అమ్ముతున్నారు. అటువంటిది ఒకటి ఆన్‌లైన్‌లో కొని నేను నష్టపోయాను. కొనే ఆలోచనలో ఉన్నవారు ఇది చదివిన తర్వాతే నిర్ణయం తీసుకోవాలని మనవి.

ఇంట్లో బల్ల మీద తెరిచినప్పుడు పెట్టెలో ఏ లోపమూ కనిపించలేదు. అసలు పరీక్ష బయట ఎదురైంది. ఉదయపు ఎండ ఏటవాలుగా పడే వేళ వెలుగునీడలు ఇంచుమించు ఒకే తీరుగా ఉండేది మహా అయితే రెండు గంటలు. ఆ తర్వాత, అప్పటికే మొదలుపెట్టి ఉన్న చిత్రానికీ కళ్లెదుటి దృశ్యానికీ పొంతన కుదరదు. ఆ తొందరలోనే ఈ పనిలోని ఆనందమంతా ఉంది. నీలమనుకున్న దూరపు కొండ ఊదాకు దగ్గరగా ఉందనీ, నీడలోని గడ్డి మీద ఆకాశపు రంగు పరుచుకుని ఉందనీ ఎదురుగా నిలబడి చూస్తేనే తెలుస్తుంది, ఫొటోలో ఇవి దొరకవు. సరిగ్గా అటువంటి సమయంలో, పెద్ద గాలి కూడా లేకుండానే, మూతను నిలబెట్టే కీలు పట్టు తప్పి, తడి బోర్డుతో సహా మూత ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీద పడిపోయింది. విప్పి చూస్తే ఆ కీలును బిగించే మర లోహానిది కాదు, వెండి రంగు పూసిన ప్లాస్టిక్. దాని చుట్లు అప్పటికే అరిగి తెల్లబడ్డాయి.

అంతకన్నా బాధ కలిగించినవి రంగులు. ట్యూబుల మీద కోబాల్ట్ నీలం, కాడ్మియం పసుపు అని పెద్ద అక్షరాలతో ఉంది, పక్కనే కంటికి ఆననంత చిన్నగా ‘హ్యూ’ అని ఉంది. అసలు వర్ణద్రవ్యానికి బదులు అలా కనిపించే వేరొకటి వాడారని దాని అర్థం. హ్యూ రంగులన్నీ చెడ్డవని నేను అనను. కానీ బాధ్యతగల తయారీదారు ఏ వర్ణద్రవ్యం వాడాడో సంకేతంతో సహా ముద్రిస్తాడు. అసలైన కోబాల్ట్ నీలానికి పీబీ 28, అల్ట్రామెరైన్‌కు పీబీ 29, టైటానియం తెలుపుకు పీడబ్ల్యూ 6. ఈ ట్యూబుల మీద ఏ సంకేతమూ లేదు. ఎర్ర రంగును కాగితం మీద పూసి, సగం అల్యూమినియం రేకుతో కప్పి ఎండ తగిలే కిటికీలో ఉంచాను. కొన్ని వారాలకు రేకు తీస్తే కప్పిన సగం ముదురుగానే ఉంది, రెండో సగం పాలిపోయింది. ఆ ఎరుపుతో వేసిన సాయంత్రపు ఆకాశం గతి ఏమవుతుందో ఇక చెప్పనక్కరలేదు.

1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే లోహపు ట్యూబుకు పేటెంటు పొందాడు. అంతకుముందు పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి ఉంచే రంగులను ఆ తర్వాతే చిత్రకారులు సులువుగా బయటికి మోసుకుపోగలిగారు. ఈ కిట్టులో ఆ ట్యూబే సరిగా లేదు: అడుగు మడత దగ్గర నూనె కారి పెట్టె అంతా జిడ్డయింది, మిగిలిన రంగు లోపల బిగిసిపోయింది.

బోర్డుల మీద ప్రైమర్ (రంగు వేసేముందు పూసే అడుగు పూత) పలుచగా ఉండి నూనెను పీల్చేసింది. వెనకవైపు మరక తేలింది. రంగుల్లోని అవిసె నూనె బోర్డు మీది గుడ్డ పోగులకు తగిలితే అవి క్రమంగా పెళుసుబారతాయి కనుక ఆ బోర్డులు పనికిరావు. కుంచెల వెంట్రుకలు మొదటి రోజే రాలాయి.

విక్రేతకు ఫొటోలు పంపితే, మూత తీసిన రంగులు వాపసు తీసుకునేది లేదన్న జవాబు వచ్చింది. కాబట్టి ఇప్పటికే తెప్పించుకున్నవారు ట్యూబుల సీళ్లన్నీ ఒకేసారి తీయకండి. ముందు లేబుళ్లను ఫొటో తీసి సంకేతాలు వెతకండి, కీళ్ల మరలు విప్పి చూడండి, ఒక్క బోర్డు మీద చుక్క నూనె వేసి మర్నాటికి వెనక్కి తిప్పి చూడండి. ఇదంతా వాపసు గడువు ముగియకముందే చేయండి.