ఘనా ఉద్యోగులకు ఐటెక్ శిక్షణ: ఎవరిని పంపాలి, ఏం నేర్చుకెళ్లాలి

భారత్ 1964లో మొదలుపెట్టిన ఐటెక్ (భారత సాంకేతిక, ఆర్థిక సహకార) పథకం కింద ఘనా ప్రభుత్వోద్యోగులు ఇక్కడి సంస్థలకు శిక్షణకు వస్తుంటారు. రానూపోనూ విమాన ఛార్జీ, కోర్సు ఫీజు, బస, భత్యం అన్నీ భారత ప్రభుత్వమే పెట్టుకుంటుంది. ఆ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు.

దరఖాస్తు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పోర్టల్లో ఫారం సబ్మిట్ చేస్తే సగం పనే అయినట్టు. ప్రింటు తీసి, పై అధికారి సంతకం, ముద్ర వేయించి, మంత్రిత్వ శాఖ ద్వారా ఘనా రాజధాని అక్రాలోని భారత హైకమిషన్‌కు చేర్చాలి. మధ్యలో ఫైలు ఆగిందంటే కోర్సు తేదీ దాటిపోతుంది. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్ తప్పదు. రెండు మూడు వారాల కోర్సులో అది పెద్ద నష్టం.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ లాంటి చోట్ల తరగతి కంటే క్షేత్ర పర్యటనే విలువైనది. ముఖ్యంగా సామాజిక తనిఖీ చూడాలి. ఉపాధి పనుల మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు, పేరు పేరునా పనిదినాలు, అందిన కూలి సరిచూస్తారు, తేడాలను ఊరందరి ముందు చదువుతారు. ఘనాకు ఇది బాగా పనికొస్తుంది. అక్కడి రాజ్యాంగం ప్రకారం దేశ ఆదాయంలో కనీసం 5 శాతం జిల్లా అసెంబ్లీల (జిల్లా స్థాయి స్థానిక పాలక సభల) ఉమ్మడి నిధికి వెళ్లాలి. ఆ డబ్బుతో వేసిన బోరులో నీళ్లొస్తున్నాయా అని బిల్లు చేతిలో పెట్టుకుని ఊళ్లో అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

పంచాయతీరాజ్ పాఠాలు మాత్రం అలా అతకవు. ఇక్కడ సర్పంచ్‌ను ఊరు ఎన్నుకుంటుంది, అక్కడ డిస్ట్రిక్ట్ చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను, అంటే జిల్లా పాలనాధిపతిని, దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తే అసెంబ్లీ ఆమోదిస్తుంది. పొదుపు సంఘాల పాఠం కూడా అక్కడి సుసు వసూలుదారులు (జనం దగ్గరికే వచ్చి చిన్న చిన్న పొదుపు మొత్తాలు సేకరించేవాళ్లు), గ్రామీణ బ్యాంకుల దగ్గర మొదలైతేనే బుర్రకెక్కుతుంది.

చివర్లో రాయించే కార్యాచరణ ప్రణాళిక బలహీనమైన భాగం. బడ్జెట్ పద్దు లేని ప్రణాళిక ఫైల్లోనే ఉండిపోతుంది. అందుకే శిక్షణకు వచ్చే ఉద్యోగి బయల్దేరేటప్పుడే తన జిల్లాలో పూర్తయిన ఒక పని బిల్లులు, కొలతల కాగితాలు వెంట తెచ్చుకుని, అదనపు డబ్బు అవసరం లేని ఒక్క తనిఖీకే ప్రణాళిక రాసుకోవాలి.

సాధారణంగా వయసు 45 దాటినవాళ్లను తీసుకోరు కాబట్టి సంతకం పెట్టే పెద్దలు రాలేరు. ఆ తనిఖీకి వాళ్ల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. జిల్లా ప్లానింగ్ అధికారితోపాటు అక్కడి స్థానిక పాలనా అధ్యయన సంస్థ శిక్షకుడొకరిని కూడా నామినేట్ చేస్తే, అదే పాఠాన్ని ఆయన మిగతా జిల్లాలకూ చెప్పగలరు.