ఎనిమిది నెలలు ప్లే స్టోర్ పక్కన ఇండస్, ఎఫ్-డ్రాయిడ్ వాడాక: అనంతపురం నుంచి రివ్యూ

అనంతపురంలో టవర్ క్లాక్‌కి కొంచెం ఇవతల నాకు జెరాక్స్, నెట్ సెంటర్ ఉంది. రోజుకు పది పదిహేను మందైనా "అన్నా, ఈ యాప్ కొంచెం ఎక్కించియ్యన్నా" అని ఫోన్ చేతికిచ్చి పక్కన నిలబడతారు. వాళ్ళకు ప్లే స్టోర్ అంటే ఫోన్‌లో ఒక భాగమే, అది వేరే వాళ్ళ దుకాణం అని, ఇంకో దుకాణం కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నిజానికి నాకూ మొన్నమొన్నటి దాకా పట్టలేదు. ఎనిమిది నెలల కింద నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇండస్ యాప్‌స్టోర్, ఎఫ్-డ్రాయిడ్ రెండూ ఎక్కించి వాడటం మొదలుపెట్టాను. మా ఆవిడది ఐఫోన్, కాబట్టి ఆ పక్క సంగతి కూడా ఇంట్లోనే కనిపిస్తా ఉంటుంది.

ముందు ఇండస్. ఇది ఫోన్‌పే వాళ్ళది, 2024 ఫిబ్రవరిలో వచ్చింది, ఇంగ్లీషు కాకుండా 12 భారతీయ భాషల్లో ఉంది. తెలుగు పెట్టుకుంటే యాప్ వివరాలు తెలుగులో చదువుకోవచ్చు, మైకు నొక్కి మాట్లాడి వెతకొచ్చు. ఇది చిన్న సంగతి అనుకోవద్దు. మా సెంటర్‌కి వచ్చే చీనీ (బత్తాయి) తోటల రైతుల్లో చాలామందికి ఇంగ్లీషులో స్పెల్లింగ్ కొట్టడం దగ్గరే పని ఆగిపోతుంది, నోటితో చెప్తే దొరికితే వాళ్ళ పని వాళ్ళే చేసుకుంటారు. బ్యాంకులు, సినిమాలు, షాపింగ్, రోజువారీ యాప్‌లు చాలా వరకు దొరుకుతున్నాయి. పెద్దగా పేరులేని చిన్న యాప్‌ల దగ్గర మాత్రం ప్లే స్టోర్‌కి దీనికి తేడా తెలుస్తుంది, అలాంటప్పుడు నేను మళ్ళీ ప్లే స్టోర్‌కే పోతున్నా.

అసలు కష్టం ఎక్కించుకోవడంలో ఉంది. ప్లే స్టోర్‌లో ఇంకో యాప్ స్టోర్‌ని పెట్టనివ్వరు, అది గూగుల్ నియమం. కాబట్టి ఇండస్ సైట్‌కి పోయి ఏపీకే ఫైల్, అంటే యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైలు, దించుకోవాలి. దించుకోగానే ఈ రకం ఫైలు మీ ఫోన్‌కి హాని చెయ్యొచ్చు అని బ్రౌజర్ అంటుంది. సరే అని ముందుకు పోతే, భద్రత కోసం తెలియని యాప్‌లను ఇక్కడి నుంచి ఎక్కించనివ్వము అని ఇంకో తెర. సెట్టింగ్స్‌లోకి పోయి ఆ మీట పక్కకు జరిపితే, తర్వాత జరిగేదానికి బాధ్యత మీదే అన్న అర్థం వచ్చేట్టు మళ్ళీ ఒక వాక్యం. ఒక పెద్దాయనకి ఎక్కిస్తుంటే రెండో తెర దగ్గరే "వద్దులేప్పా, ఏదన్నా అయితే నా అకౌంట్ పోతుంది" అని ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. ఆయన భయపడింది న్యాయమే, అయితే ఆ హెచ్చరిక దొంగ యాప్‌కీ ఇండస్ లాంటి పెద్ద కంపెనీ స్టోర్‌కీ ఒకే మాట చెప్తుంది, ఆ మాట చెప్పే కంపెనీకి సొంత స్టోర్ ఉంది. నాకు కుదరని విషయం అదే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఆ హెచ్చరికలు ఎందుకున్నాయో నాకు ఇంట్లోనే తెలిసొచ్చింది. పోయిన ఎండాకాలంలో మా మామకి వాట్సాప్‌లో బండి చలానా పేరుతో ఒక ఏపీకే వచ్చింది. "అల్లుడూ, చలానా చూద్దామని నొక్కితిని, ఏదేదో అడిగితే అన్నిటికీ సరే అంటిని" అన్నాడు. వాట్సాప్ నుంచి యాప్ ఎక్కించే అనుమతి, మెసేజ్‌లు చదివే అనుమతి రెండూ ఇచ్చేశాడు. రాత్రి పదకొండు దాటాక ఓటీపీలు రావడం, డబ్బు పోవడం అన్నీ ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. 38 వేలు. చెనిక్కాయలు అమ్మిన డబ్బు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, కొంత ఆగింది, కొంత పోయింది. కాబట్టి అన్ని తలుపులూ బార్లా తెరిచెయ్యండి అని నేను అనడం లేదు. మామ ఫోన్‌లో ఇప్పుడు ప్లే స్టోర్ ఒక్కటే ఉంది, వాట్సాప్‌కి ఆ అనుమతి తీసేశాను, అట్లాగే ఉంచుతా.

అయితే కాపలా ఉన్న చోట దొంగలు లేరా అంటే ఉన్నారు. 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఆగస్టు దాకా గూగుల్ తన ప్లే స్టోర్ లోంచే 2,200 పైగా లోన్ యాప్‌లు తీసేసిందని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. తీసేసే లోపల ఎంతమంది ఫోటోలు, కాంటాక్టులు వాళ్ళ చేతికి పోయుంటాయో. ప్లే స్టోర్‌లో ఉందని మంచిదని నమ్మి లోన్ యాప్ ఎక్కించుకుని, తర్వాత ఏడ్చుకుంటూ మా సెంటర్‌కి వచ్చిన పిల్లలను చూశాను. కాపలా కావాలి, కాకపోతే ఆ పేరు చెప్పి తీసుకునే ప్రతి పైసాకీ లెక్క అడిగే హక్కు మనకుండాలి.

ఆ లెక్కలోకి వస్తా. మా నాయన చీనీకాయలు మండీకి తోలితే తూకంలో సూట్ అని కొంత తీసేవాళ్ళు, పైన కమిషన్. కడుపు మండినా, ఎంత తీశారో చీటీలో ఉండేది, ఇంటికొచ్చి లెక్క వేసుకునేవాళ్ళం. యాప్ స్టోర్లలో ఆ చీటీ కొనేవాడికి కనపడదు. యాప్ లోపల డిజిటల్ సరుకు అమ్మితే యాపిల్, గూగుల్ మామూలు రేటు 30 శాతం. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించే చిన్నవాళ్ళకు యాపిల్ 2021 జనవరి నుంచి 15 శాతం చేసింది, గూగుల్ అదే ఏడాది జూలై నుంచి అందరికీ మొదటి 10 లక్షల డాలర్ల మీద 15 చేసింది. మన ఊళ్ళో గ్రూప్-2కి, డీఎస్సీకి కోచింగ్ చెప్పేవాళ్ళు చాలామంది సొంత యాప్‌లు పెట్టుకున్నారు కదా, వాళ్ళది 1,000 రూపాయల వీడియో కోర్సు అనుకోండి, ఆ లెక్కన 150 స్టోర్‌కి పోవాలి. అదే కోచింగ్ వాళ్ళు అదే యాప్‌లో అచ్చు పుస్తకం అమ్మి కొరియర్‌లో పంపిస్తే స్టోర్‌కి ఒక్క పైసా లేదు, ఎందుకంటే చేతికి అందే వస్తువులకు, బిర్యానీ ఆర్డర్లకు, ఆటో బుకింగ్‌లకు ఈ కమిషన్ వర్తించదు. పాఠం అదే, చెప్పే సారూ అదే. కాగితం మీదైతే సున్నా, తెర మీదైతే 150.

వేరే పేమెంట్ పద్ధతి పెట్టుకోవచ్చని గూగుల్ మన దేశంలో అవకాశం ఇచ్చింది. ఇచ్చి, 4 శాతం తగ్గించింది. అంటే 15 కట్టేవాడు 11 కట్టాలి, 30 కట్టేవాడు 26. మా షాపులో యూపీఐ స్కానర్ మీద రోజూ డబ్బులు పడతాయి, బ్యాంకు ఖాతా నుంచి వచ్చేదానికి నాకు పైసా కట్ లేదు. యాప్ వాడు కూడా అదే యూపీఐతో తీసుకున్నా, ఆ డబ్బు స్టోర్ గుండా పోకపోయినా, 11 శాతం ఇచ్చుకోవాల్సిందే. ఇండస్ ఈ విషయంలో మేలు, యాప్ వాడు తనకు నచ్చిన పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే వీళ్ళు కమిషన్ అడగరు. నేను దీన్ని వదలకుండా వాడటానికి సగం కారణం అదే.

కమిషన్ కన్నా నన్ను ఎక్కువ బాధ పెట్టేది ఇంకోటుంది. యాప్ లోపల "మా వెబ్‌సైట్‌లో కొంటే తక్కువ పడుతుంది" అని రాయనివ్వకపోవడం. 2023 ఫిబ్రవరిలో ట్విట్టర్ బ్లూ అనే చందా మన దేశంలో మొదలైనప్పుడు వెబ్‌సైట్‌లో నెలకు 650 రూపాయలు, ఫోన్ యాప్‌లో 900. నెలకు 250 తేడా, ఏడాదికి 3,000. ఫోన్‌లోనే కొన్నవాడికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? మా ఆవిడ కిండిల్‌లో నవలలు చదువుతుంది. ఐఫోన్‌లో కిండిల్ తెరిస్తే పుస్తకం కనపడుతుంది, కొనే బటన్ ఉండదు. మొదట్లో "ఇది పాడైందా, నీకేమన్నా తెలుస్తుందా చూడు" అని ఫోన్ నా చేతికిచ్చింది. పాడు కాలేదు, బ్రౌజర్‌లోకి పోయి కొనుక్కుని మళ్ళీ యాప్‌లోకి వస్తే పుస్తకం ఉంటుంది. ఎటు పోవాలో చెప్పే ఒక్క లైను ఉండుంటే ఆమెకు ఆ అరగంట తిప్పలు ఉండేవి కాదు. సంతలో ఒక అంగడాయన పక్క వీధిలో తన ఇంకో అంగట్లో ఇదే సరుకు చవక అని చెప్పకూడదంటే మనం ఊరుకుంటామా?

ఇది నా ఒక్కడి గోల కాదు. 2022 అక్టోబర్ 25న, వ్యాపారంలో పోటీ సరిగా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ ప్లే స్టోర్ బిల్లింగ్ వ్యవహారంలో గూగుల్‌కి 936.44 కోట్ల జరిమానా వేసినప్పుడు, యాప్ వాళ్ళు తమ వినియోగదారులకు వేరే చోట ధరలు, ఆఫర్లు చెప్పుకోనివ్వాలని కూడా ఆదేశించింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాని 216.69 కోట్లకు తగ్గించింది. ఈ మధ్యలో, 2024 మార్చి 1న, ఫీజు గొడవ మీద నౌకరీ, భారత్ మ్యాట్రిమోనీ లాంటి యాప్‌లను గూగుల్ స్టోర్ నుంచి తీసేసింది, కేంద్రం కల్పించుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగొచ్చాయి. ఆ పూట మా సెంటర్‌లో ఉద్యోగం కోసం రెజ్యూమె పెట్టడానికి వచ్చిన పిల్లోడు నౌకరీ యాప్ వెతికితే దొరకలేదు. వాడికి ఫీజుతో ఏం పని?

బయటి దేశాల్లో గట్టిగానే కదిలింది. ఎపిక్ గేమ్స్ వాళ్ళు 2020 ఆగస్టులో తమ ఫోర్ట్‌నైట్ ఆటలో సొంత పేమెంట్ పెట్టి, రెండు స్టోర్ల నుంచీ గెంటించుకుని కోర్టుకు పోయారు. యాపిల్ మీద మిగతా వాదనలు చాలావరకు నిలవలేదు, కానీ యాప్‌లో బయట కొనుక్కునే లింక్ పెట్టనివ్వకపోవడం తప్పని 2021లో జడ్జి ఇవోన్ గొంజాలెజ్ రోజర్స్ చెప్పింది. దానికి యాపిల్ లింక్ పెట్టుకోనిస్తూనే ఆ దారిలో కొన్నదాని మీద 27 శాతం అడిగింది, 2025 ఏప్రిల్‌లో అదే జడ్జి కోర్టు ధిక్కారం కింద మందలించింది. ఆ తర్వాత అమెరికాలో కిండిల్ ఐఫోన్ యాప్‌లో పుస్తకం కొనే దారి వచ్చింది. యూరప్‌లో 2024 మార్చి నుంచి ఐఫోన్‌లో వేరే యాప్ స్టోర్లు కూడా ఎక్కించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఒకటే, ఫోన్ ఒకటే, మనకి లేదు. అంత డబ్బు పోసి మా ఆవిడ కొన్న ఫోన్‌లో ఏ అంగడికి పోవాలో ఎంచుకునే వీలు ఆమెకు లేదు. ఇందుకే ఐఫోన్ స్టోర్‌కి భద్రతలో మంచి మార్కులు, ఎంపికలో సున్నా.

ఎఫ్-డ్రాయిడ్ గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే అది అందరికీ కాదు. 2010 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ ఎవరైనా చూడగలిగే) యాప్‌లు మాత్రమే, ఏ యాప్ మన మీద నిఘా పెడుతుందో, ఏది ప్రకటనలు చూపిస్తుందో ముందే రాసి పెడతారు. ఆర్గానిక్ మ్యాప్స్ దాంట్లోంచే తీసుకున్నా, సిగ్నల్ లేని పల్లెల్లో కూడా దారి చూపిస్తుంది. చూడ్డానికి పాత కాలం దాని మాదిరి ఉంటుంది, తెలిసిన బ్యాంకు యాప్‌లు ఏవీ ఉండవు. దీని విషయంలో నాకు టెన్షన్ ఏమంటే, ప్లే స్టోర్ బయటి యాప్‌లు తయారుచేసేవాళ్ళు కూడా తమ వివరాలు గూగుల్ దగ్గర నమోదు చేసుకోవాలని ఆ కంపెనీ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు అన్నారు. దీంతో మా పని ముగిసిపోతుందని ఎఫ్-డ్రాయిడ్ వాళ్ళే రాశారు. తెలిసి చేసేవాళ్ళకు వేరే దారి ఉంచుతామని గూగుల్ తర్వాత చెప్పింది. మామకి జరిగింది చూశాక ఏపీకే పంపినవాడి పేరు తెలియాలని నేనూ కోరుకుంటా, కానీ ఆ పేర్ల పుస్తకం సొంత అంగడి ఉన్న కంపెనీ చేతిలోనే ఎందుకుండాలి?

మీరు ఇండస్ పెట్టుకోవాలంటే దాని సొంత సైట్ నుంచే దించుకోండి, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైల్ వద్దు. ఎక్కించడం అయిపోగానే సెట్టింగ్స్‌లో బ్రౌజర్‌కి ఇచ్చిన అనుమతి తీసెయ్యండి, ఇండస్‌కి దాని అనుమతి వేరేగా ఉంటుంది, దాంతో పని నడుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌లో వాట్సాప్‌కి ఆ మీట ఆన్‌లో ఉందేమో ఈ పూటే చూడండి. ఇంకా యాప్‌లో ఏదైనా చందా కట్టే ముందు ఒక్కసారి బ్రౌజర్‌లో ఆ కంపెనీ సైట్ తెరిచి ధర చూసుకోండి, వాళ్ళు మీకు చెప్పలేకపోతున్నారు కాబట్టి.