లా రిజర్వ్ 2018: మూడో సీసా దాచాలా, తాగాలా?

గ్రోవర్ కంపెనీ వారి లా రిజర్వ్ రెడ్ వైన్, 2018 పంటవి మూడు సీసాలు ఒకే రోజు కొన్నాను. మొదటిది 2020లో తీశాము, రెండోది 2024 డిసెంబరులో తీశాము. మూడోది ఇంకా మా బెంగళూరు ఇంట్లో, ఎండ తగలని గదిలో, చెక్క బీరువా అడుగు అరలో పాత చీర ముక్క చుట్టుకుని పడుకొని ఉంది. దాన్ని దాచాలా, తాగేయాలా అన్నది తేల్చుకోవడానికి మొదటి రెండు సీసాలు చెప్పిన సంగతులే నాకు ఆధారం.

బెంగళూరుకు ఉత్తరాన, దొడ్డబళ్లాపురం దగ్గర నంది కొండల ప్రాంతంలో కన్వల్ గ్రోవర్ 1980ల చివర ఫ్రెంచి జాతి ద్రాక్ష తీగలు నాటించారు. కాబెర్నే సావిన్యోఁ, షిరాజ్ అనే రెండు ద్రాక్షల రసాన్ని కలిపి, ఓక్ పీపాల్లో కొంతకాలం ఉంచి ఈ వైన్ తయారుచేస్తారు. ఫ్రాన్సులోని బోర్డోకు చెందిన వైన్ నిపుణుడు మిషెల్ రోలాఁ దీనికి సలహాదారుగా పనిచేశారు. పేరులో రిజర్వ్ అని ఉన్నంత మాత్రాన ఏళ్ల తరబడి దాచదగినదని అనుకోకూడదు. స్పెయిన్‌లో రిసర్వా అని రాయాలంటే రెడ్ వైన్‌ను కనీసం మూడేళ్లు నిల్వ ఉంచాలన్న నియమం ఉంది. ఫ్రెంచి మాట అయిన రిజర్వ్‌కు అలాంటి కట్టుబాటు లేదు.

2020లో తాగినప్పుడు నేరేడు పండు వాసన, మిరియాల ఘాటు, ఓక్ చెక్క పరిమళం దేనికది విడిగా తెలిశాయి. వగరు మాత్రం నాలుకను పట్టేసింది. కొత్తగా కలిపిన ఆవకాయలో ఉప్పు, కారం, ఆవ ఒకదానితో ఒకటి కలవక విడివిడిగా తగిలినట్టే అనిపించింది. అయితే ఆ వగరే దాచిపెట్టడానికి పెట్టుబడి. టానిన్లు అనే వగరు పదార్థాలు కాలక్రమంలో ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ కలిసి, పెద్దవై, కొంత మడ్డిగా అడుగుకు దిగుతాయి. అందువల్ల వైన్ మెత్తబడుతుంది. ఈ మార్పు జరిగే కాలమంతా తాజా పండు వాసన తరుగుతూనే ఉంటుంది కనుక, వగరు తగ్గడమూ పండు మిగలడమూ కలిసివచ్చే ఆ కొద్ది కాలాన్ని పట్టుకోవడమే దాచేవాడి పని.

రెండో సీసాను ముందురోజే నిలబెట్టి, వెనుక టార్చి వెలుగు పెట్టి నెమ్మదిగా వంపాను. అడుగున రెండు వేళ్లంత, కాఫీ డికాక్షన్ మడ్డిలాంటిది మిగిలింది. తెల్ల గుడ్డ మీద గ్లాసు వంచి చూస్తే నడుమ ముదురు ఎరుపు, అంచున ఇటుక రంగు. వాసనలో నేరేడు స్థానంలో ఎండు ద్రాక్ష, కొద్దిగా తోలు, చివర్లో అదే మిరియం. మిరియాలు దంచి వేసిన మాంసం వేపుడుతో అది ఎంత చక్కగా కుదిరిందో మాటల్లో చెప్పలేను. ఇంతకంటే మంచి భారతీయ రెడ్ వైన్ మా ఇంట్లో తాగినట్టు నాకు గుర్తు లేదు. కానీ గ్లాసులో పోసిన అరగంటకే పరిమళం పలచబడింది, పులుపు ముందుకు వచ్చింది. ఇంకా నాలుగేళ్లు ఉంచితే బాగుపడేది ఏమీ లేదని ఆ గ్లాసే చెప్పింది.

నిల్వ సంగతి కూడా చెప్పాలి. పన్నెండు, పద్నాలుగు డిగ్రీల దగ్గర స్థిరంగా, చీకటిగా ఉన్న చోటు వైన్‌కు అనువైనది. ఆ సౌకర్యం మన ఇళ్లలో అరుదు. బెంగళూరు గదిలో ఏప్రిల్ వేడి తప్పదు, విజయవాడలో అయితే చెప్పనక్కరలేదు. అక్కడ మా పుట్టింట్లో ఫ్రిజ్ మీద రెండు వేసవులు ఉంచిన ఒక తెల్ల వైన్ సీసా తీస్తే ఉడికిన ఆపిల్ వాసన వచ్చి, రంగు తేనెలా మారి, ఎవరూ తాగలేకపోయారు. తప్పు పూర్తిగా నాదే. చెనిన్ బ్లాంక్, సావిన్యోఁ బ్లాంక్ వంటి తేలిక తెల్ల వైన్‌లను ఏడాది, రెండేళ్లలోపే తాగేయడం మంచిది. వాటిలో దాచడానికి అవసరమైన వగరు దాదాపు ఉండదు.

లా రిజర్వ్ కొత్తగా కొన్నవారు, ఇంట్లో చల్లని చోటు ఉంటే, పంట సంవత్సరం నుంచి నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య తీయమని నా సలహా. చల్లని చోటు లేనివారు ఎదురు చూడనక్కరలేదు, మూడేళ్లలోపే తాగండి. వగరు ఎక్కువనిపిస్తే గంట ముందు వెడల్పాటి జగ్గులోకి వంపి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. పుట్టినరోజు, పెళ్లిరోజు అంటూ పెద్ద సందర్భం కోసం వాయిదా వేస్తూ పోతే సీసాలోని వైన్ అంతకుముందే మంచి దశ దాటిపోతుంది.

మూడో సీసా మెడకు దారంతో ఒక చీటీ కట్టాను. సంక్రాంతి తరువాత మా అక్కాబావలు వచ్చే శనివారం తేదీ దాని మీద రాశాను. ముందురోజు సీసా నిలబెట్టమని మా వారికి ఇప్పుడే చెప్పి ఉంచాను.